మా ఊరి సచివాలయం, అక్కడి పెద్ద చదువులు: ఆరేళ్ల సేవపై సమీక్ష

మా ఊరి గ్రామ సచివాలయానికి గత ఆరేళ్లలో సొంత పనుల మీద ఎన్నిసార్లు వెళ్లానో లెక్క చూసుకుంటే పద్దెనిమిది సార్లు అని తేలింది. ఆదాయ ధ్రువపత్రాలు, పొలం తాలూకు 1బీ, అడంగల్ నకళ్లు, మా అత్తగారి పింఛను బదిలీ, మనవరాలి జనన ధ్రువపత్రం, వీధి కుళాయిపై ఫిర్యాదు, ఇలా అన్నీ ఏ ఇంటివారికైనా ఉండే పనులే. వీటిలో ఒక్కదానికి కూడా ఎవరి చేతిలోనూ అదనంగా రూపాయి పెట్టవలసిన అవసరం రాలేదు. కారణం చెప్పకుండా ‘రేపు రండి’ అన్నవారు కూడా లేరు. ముప్పై ఏళ్లు హైస్కూలులో లెక్కలు చెప్పి, జీతం బిల్లులకూ సర్వీసు రిజిస్టరుకూ పింఛను కాగితాలకూ చెప్పులరిగేలా తిరిగిన నాకు ఇది చిన్న విషయం కాదు. అందుకే ఈ సేవకు ఐదింటికి నాలుగు మార్కులు వేస్తున్నానని ముందే చెబుతున్నాను. తగ్గించిన ఆ ఒక్క మార్కు అక్కడ పనిచేసే పిల్లల ఉద్యోగ జీవితాన్ని దగ్గరగా చూశాక తగ్గించినది. ఈ సమీక్షలో ఎక్కువ భాగం దాని గురించే.

ఆంధ్రప్రదేశ్‌లో ప్రభుత్వ సేవలను ఊళ్లోనే అందించే ఈ సచివాలయ వ్యవస్థను 2019 అక్టోబరు 2న, ఇప్పుడు కాకినాడ జిల్లాలో ఉన్న కరప గ్రామంలో ప్రారంభించారు. ఊళ్లలోనూ పట్టణ వార్డులలోనూ కలిపి పదిహేను వేల పైచిలుకు సచివాలయాలు వెలిశాయి. అంతకు ముందు నెలలోనే ఒకటో తేదీ నుంచి ఎనిమిదో తేదీ వరకు రాత పరీక్షలు జరిగాయి. సుమారు 1.26 లక్షల ఉద్యోగాలకు 21 లక్షలకు పైగా దరఖాస్తులు వచ్చాయి. ఈ నిష్పత్తి ఒక్కటి చూస్తే చాలు, ఆ కుర్చీలలోకి ఎవరు వచ్చి ఉంటారో ఊహించవచ్చు. డిప్లొమా చాలు, ఐటీఐ చాలు అని ప్రకటనలో రాసిన పోస్టులకు కూడా ఇంజనీరింగు పట్టభద్రులు, పీజీలు చేసినవారు వరుస కట్టారు. పోటీ పరీక్షలో మార్కులే కొలమానం గనుక వారే ముందుకు వచ్చారు. ప్రైవేటు కొలువులలో స్థిరత్వం లేక, గ్రూప్స్ ప్రకటనలు ఎప్పుడొస్తాయో తెలియక విసిగిన తరానికి ‘పదిహేను వేలైనా సర్కారు కొలువు’ అన్న భరోసా అప్పట్లో ఎంత పెద్దదో, మా వీధిలోనే ముగ్గురు నా పాత విద్యార్థులు ఆ పరీక్ష రాయడం చూసి తెలుసుకున్నాను.

మా సచివాలయంలో మొదట చేరినవారి చదువులు వింటే కళాశాల అధ్యాపకుల జాబితాలా ఉంటుంది. పంచాయతీ కార్యదర్శి ఎమ్మెస్సీ కెమిస్ట్రీ. డిజిటల్ అసిస్టెంటు ఎలక్ట్రానిక్స్‌లో బీటెక్. సంక్షేమ, విద్యా సహాయకుడు ఎంఏ ఎకనామిక్స్ చేసి, బీఈడీ కూడా పూర్తిచేసినవాడు. ఇంజనీరింగు అసిస్టెంటు స్ట్రక్చరల్ ఇంజనీరింగులో ఎంటెక్. మహిళా పోలీసుగా వచ్చిన అమ్మాయి ఎంబీఏ. ఐటీఐ అర్హతగా ఉన్న ఎనర్జీ అసిస్టెంటు ఉద్యోగానికి ఎలక్ట్రికల్ బీటెక్ చేసిన కుర్రవాడు స్తంభం ఎక్కే పరీక్ష కూడా నెగ్గి వచ్చాడు. వీరి పక్కన కూర్చున్న గ్రామ రెవెన్యూ అధికారి (వీఆర్వో) ఒక్కరే ఇంటర్మీడియట్‌తో ఆగినవారు, వయసులో అందరికంటే పెద్దవారు.

ఈ చదువులు ఊరికి ఏమి ఇచ్చాయో ముందు చెప్పాలి. ఆదాయ ధ్రువపత్రం కోసం దరఖాస్తు పెడితే అది డిజిటల్ అసిస్టెంటు దగ్గర మొదలై, వీఆర్వో విచారణ, రెవెన్యూ ఇన్‌స్పెక్టరు (ఆర్ఐ) పరిశీలన దాటి, తహసీల్దారు డిజిటల్ సంతకంతో ముగుస్తుంది. మధ్యలో ఎవరి లాగిన్‌లో ఆగిందో తెలియకపోవడమే జనానికి అసలు బాధ. మా డిజిటల్ అసిస్టెంటు చేరిన మూడో నెలలో ఒక పొడవాటి రూళ్ల పుస్తకం కొని, దానిలో ప్రతి దరఖాస్తుకు ఒక వరుస కేటాయించి, అది ఈ రోజు ఎవరి లాగిన్‌లో ఉంది, ఎన్ని రోజులుగా ఉంది, ఎందుకు ఆగింది అన్నది చేత్తో రాయడం మొదలుపెట్టింది. కంప్యూటరులో ఇదంతా ఉంటుంది కదా అని అడిగాను. “ఉంటుంది మాస్టారూ, కానీ సర్వరు పడుకున్నప్పుడు వచ్చినవాళ్లకు నేనేం చెప్పను? పుస్తకమైతే ఎప్పుడూ తెరిచే ఉంటుంది” అంది. ఆ పుస్తకాన్ని కౌంటరు మీద జనం వైపు తిప్పి పెట్టేది. చదువు వచ్చినవారు తమ వరుస తామే చూసుకుని వెళ్లేవారు, రానివారికి పక్కనున్నవారు చదివి చెప్పేవారు. దాంతో మండల కార్యాలయానికి ఊరకే తిరిగే పని మా ఊరివారికి చాలావరకు తప్పింది. పుస్తకం పెట్టమని ఆమెకు ఏ ఉత్తర్వూ రాలేదు. సమాచారం ఎక్కడ ఆగుతుందో వెదికి పట్టుకోవడం ఆమె చదువు నేర్పిన అలవాటు.

సంక్షేమ సహాయకుడి సంగతి ఇంకొంచెం వివరంగా చెప్పాలి. మా వెనుక వీధిలో ఒక వితంతువుకు నెలకు మూడు వందల యూనిట్లకు మించి కరెంటు వాడుతున్నారన్న కారణంతో పింఛను దరఖాస్తు తిరస్కరణకు గురయింది. ఆమె ఇంట్లో ఉన్నవి ఒక ఫ్యాను, రెండు బల్బులు. సంక్షేమ పథకాలకు భూమి, కారు, ఆదాయపు పన్ను, ప్రభుత్వోద్యోగం, పట్టణంలో ఆస్తి, కరెంటు వాడకం అని ఆరు అంచెల తనిఖీ ఉంటుంది. యంత్రం కాదన్న తరువాత మనిషి చేయగలిగింది ఏమీ లేదని సాధారణంగా చేతులెత్తేస్తారు. ఈ కుర్రవాడు మాత్రం ఆమె ఆధార్ నంబరుకు ఏయే మీటర్లు జతయ్యాయో తీయించి చూశాడు. ఆమె భర్త బతికుండగా కాపలా పని చేసిన ఒక రైసు మిల్లు యజమాని ఇంటి మీటరు ఆమె పేరుతో జతపడి ఉంది. విద్యుత్ శాఖ అసిస్టెంటు ఇంజనీరు (ఏఈ) కార్యాలయానికి తన బండి మీద మూడుసార్లు తిరిగి ఆ జతను తీయించి, దరఖాస్తును మళ్లీ ఎక్కించాడు. నాలుగో నెలలో ఆమెకు పింఛను వచ్చింది. నిబంధన వెనుక ఉన్న లెక్కను అర్థం చేసుకుని, తప్పు ఏ అంచెలో జరిగిందో వెనక్కు నడిచి పట్టుకోవడం చదువు చేసిన పని. దరఖాస్తులు ఎక్కించడం మాత్రమే నేర్చినవారికి అది తోచదు.

ఇంజనీరింగు అసిస్టెంటు విషయం క్లుప్తంగా చెబుతాను. మా బడి ముందు మురుగు కాలువ కొత్తగా కడుతున్నప్పుడు నీరు వెనక్కు తన్నుతుందని గుర్తించి, పారదర్శకమైన గొట్టంలో నీళ్లు నింపి మట్టం చూసి, వాటం ఎటు ఎంత ఉండాలో మేస్త్రీకి సుద్దముక్కతో గోడ మీదే గీసి చూపించాడు. ఆ కాలువలో ఇప్పటికీ నీరు నిలవదు.

మా పెద్దమ్మాయి హైదరాబాదులో ఒక సంస్థ మానవ వనరుల విభాగంలో పనిచేస్తుంది. ఈ విషయాలు చెబితే, పనికి అవసరమైన దానికంటే ఎక్కువ చదివినవారిని తీసుకుంటే ఏమవుతుందన్న దానిపై జరిగిన రెండు పరిశోధనల గురించి చెప్పింది. బెరిన్ ఎర్డొగాన్, టాల్యా బాయర్ అనే పరిశోధకులు టర్కీలో పలు శాఖలున్న ఒక రిటైల్ దుకాణాల సంస్థలో అమ్మకాల ఉద్యోగులను గమనించి, 2009లో తమ ఫలితాలను ప్రచురించారు. చదువుకు తగ్గ పని కాదని భావించేవారిలో అసంతృప్తి, మానేయాలన్న తలంపు కనిపించాయి గానీ, పనిలో సొంత నిర్ణయానికి చోటున్నదని భావించినవారిలో ఆ చేదు బాగా తగ్గింది. పైగా తమ చదువుకు తగ్గ పని కాదని భావించినవారి అమ్మకాలు మిగతావారికంటే మెరుగుగానే ఉన్నాయి. 2015లో జియా హూ, ఆమె సహచరులు ప్రచురించిన మరో పరిశోధన చుట్టూ ఉన్న సహోద్యోగులను కూడా లెక్కలోకి తీసుకుంది. పక్కవారు కూడా తనలాగే ఎక్కువ చదివినవారైనప్పుడు, తన చదువు వృథా అయిందనుకునే ఉద్యోగి ఆ బృందంలో బాగా ఇముడుతాడనీ, తన పనికి విలువ ఉందని నమ్ముతాడనీ, పనితీరు కూడా పెరుగుతుందనీ వారు తేల్చారు. ఇది విన్న రోజున నాకు మా సచివాలయం కళ్ల ముందు కదిలింది. ఒక పాత కార్యాలయంలో ఏకాకిగా కూర్చున్న బీటెక్ పిల్లకు కలిగే దిగులు ఇక్కడ లేదు. వీఆర్వో గారు తప్ప అందరూ ఒకే విడత నియామకాలలో ఎంపికై, ఒకే రోజు చేరి, ఒకే పదిహేను వేల రూపాయల జీతంతో మొదలుపెట్టారు. మధ్యాహ్నం క్యారేజీలు విప్పుకుని కూర్చున్నప్పుడు వారి మాటలలో ఒకరి చదువును ఒకరు గౌరవించుకోవడం వినిపించేది.

మొదటి పరిశోధన చెప్పిన సొంత నిర్ణయం మాత్రం రోజురోజుకూ కుంచించుకుపోయింది. నా ఫిర్యాదు ఇక్కడే మొదలవుతుంది. పై నుంచి ఒక యాప్ వస్తుంది, దానితో ఒక సర్వే, దానికి ఒక గడువు వస్తాయి. ఇంటింటికీ వెళ్లి వేలిముద్రలు తీసుకోవాలి, ఈ-కేవైసీ చేయాలి, ఇంటి నిర్మాణం ఏ దశలో ఉందో ఫొటో తీసి ఎక్కించాలి. సాయంత్రానికి మీ మండలం ఎన్నో స్థానంలో ఉందో వాట్సాప్ గ్రూపులో పట్టిక వస్తుంది, వెనుకబడినవారి పేర్లు ఎర్ర రంగులో ఉంటాయి. ఎంటెక్ చదివిన కుర్రవాడు ఒక రోజంతా ఎండలో నిలబడి పునాదుల ఫొటోలు తీసి వచ్చాక, ఆ పునాది సరైన లోతులో ఉందా అన్న ప్రశ్నకు యాప్‌లో గడి లేదని నాతో అన్నాడు. ఆ మాట అన్నప్పుడు అతని గొంతులో కోపం లేదు. కోపం ఉన్నా బాగుండేదని నాకు అనిపించింది, ఎందుకంటే కోపం ఉన్నవారిలో ఆశ ఇంకా మిగిలే ఉంటుంది. 2025లో చదువుకున్న యువత అర్హతలను ఇంటింటికీ తిరిగి నమోదు చేసే సర్వే కూడా వీరికే అప్పగించారు. మా డిజిటల్ అసిస్టెంటు మా ఇంటికి వచ్చి, ఉద్యోగం వెదుక్కుంటున్న మా అన్నయ్యగారి మనవడి బీటెక్ వివరాలు ఎక్కిస్తూ, అతని బ్రాంచీ తనదే కావడంతో ఒక క్షణం ఆగింది.

రూళ్ల పుస్తకంలో ఈ మార్పు తేదీల వారీగా కనబడుతుంది. లెక్కల మాస్టారిని గనుక ఒకసారి కూర్చుని వెనక్కు తిప్పి చూశాను. మామూలు వారాలలో ప్రతి రోజూ వరుసలు నిండి ఉన్నాయి. సర్వేల వారాలలో పేజీలు ఖాళీ. అంతకు ముందు ఇంటింటికీ పింఛను అందించిన వాలంటీర్ల వ్యవస్థ ఆగిపోయి, 2024 జూలై 1న పెంచిన పింఛనుతో బకాయి కలిపి ఏడు వేల రూపాయలు ఇంటింటికీ అందించే పని సచివాలయ సిబ్బంది చేతికి వచ్చినప్పటి నుంచి నెల మొదటి రోజులు ఖాళీ. అయితే పింఛను పంపిణీ గురించి వారెవరూ నా దగ్గర ఫిర్యాదు చేయలేదు. ఉదయం ఆరింటికే బయలుదేరి, వేలిముద్ర పడని ముసలమ్మల వేళ్లు తుడిచి, పడకపోతే కంటిపాప గుర్తింపు (ఐరిస్) ప్రయత్నించి, డబ్బు లెక్కపెట్టి చేతిలో పెట్టే ఆ పనిలో ఎదుటి మనిషి ముఖం కనిపిస్తుంది. “నా ఏలు అరిగిపోయిందయ్యా, నువ్వు మాత్రం ఏం చేస్తావు” అని ఒక అవ్వ అంటే, ఆ ఎంఏ కుర్రవాడు గడప మీద ఆమె పక్కనే కూర్చుని నాలుగో ప్రయత్నం చేయడం నేను చూశాను. పని చిన్నదైనంత మాత్రాన వీరు నీరసించలేదు. దేనికోసమో చెప్పకుండా అంకె మాత్రమే అడిగే పని వీరిని నీరసింపజేసింది. ఈ తేడాను పైవారు గుర్తించలేదన్నది నా అభిప్రాయం.

వీఆర్వో గారితో వీరి సంబంధం గురించి కూడా చెప్పాలి, ఎందుకంటే ఎక్కువ చదివినవారిని ఒక్కసారిగా తెచ్చి కూర్చోబెడితే పాతవారికి ఏమవుతుందన్నది ఎవరూ అడగరు. మొదటి ఏడాది ఆయన వారితో ముభావంగానే ఉన్నారు. తన చేతి రాతను వారు కంప్యూటరులో దిద్దడం ఆయనకు రుచించలేదు. ఆయన విచారణ నివేదికలలోని అచ్చుతప్పులు చూసి వారు నవ్వుకున్న రోజులూ ఉన్నాయి, అది నాకు నచ్చలేదు, ఆ మాట వారికే చెప్పాను. భూములను మళ్లీ కొలిచే రీసర్వే వచ్చినప్పుడు పరిస్థితి మారింది. ఏ గట్టు ఎప్పుడు జరిగిందో, ఏ అన్నదమ్ములు నోటి మాట మీద పంచుకున్నారో ఆయనకు తప్ప ఎవరికీ తెలియదు. సర్వేయరు కుర్రవాడు ఆయన్ను బండి వెనుక కూర్చోబెట్టుకుని పొలాలన్నీ తిరిగాడు. ఆ తరువాత ఆయన నివేదికలను డిజిటల్ అసిస్టెంటు టైపు చేసి, ఆయనకు చదివి వినిపించి, ఆయన సరేనన్నాకనే పంపేది. ఈ సర్దుబాటును ఏ శిక్షణ కార్యక్రమమూ నేర్పలేదు. ఒకరికి లేనిది మరొకరి దగ్గర ఉందని పనిలో పడ్డాకనే తెలిసింది.

జీతం సంగతికి వస్తే, రెండేళ్ల ప్రొబేషన్ అని చెప్పి చేర్చుకున్నారు. అది ముగియవలసింది 2021 అక్టోబరులో. ఖరారు కాకపోవడంతో 2022 జనవరిలో ఉద్యోగులు రాష్ట్రమంతటా ఆందోళన చేశారు. చివరకు 2022 జూలై నుంచి కొత్త స్కేళ్లు వర్తించాయి, పంచాయతీ కార్యదర్శులకు 23,120తో, మిగతావారికి 22,460తో మూలవేతనం మొదలయింది. అంటే పదిహేను వేల మీద ముప్పై మూడు నెలలు గడిపారు. తెలంగాణలో 2019లో చేరిన జూనియర్ పంచాయతీ కార్యదర్శుల కథ కూడా ఇలాంటిదే. వారు కూడా పదిహేను వేలతోనే చేరారు, మూడేళ్ల ప్రొబేషన్‌ను నాలుగేళ్లకు పొడిగించారు, 2023లో వారు సమ్మెకు దిగవలసి వచ్చింది. పెద్ద చదువు ఉన్నవారు తక్కువ జీతానికి దొరికారన్న సౌలభ్యాన్ని రెండు ప్రభుత్వాలూ వాడుకున్నాయి. ఆ చదువుకు ముందు దారి ఏమిటన్నది ఏ ప్రభుత్వమూ సకాలంలో రాసి ఇవ్వలేదు. పదోన్నతి ఎటు అన్న ప్రశ్నకు జవాబు దొరకని ఉద్యోగి బల్ల సొరుగులో గ్రూప్-2 పుస్తకం పెట్టుకుంటే తప్పు పట్టలేము. మా సంక్షేమ సహాయకుడు 16,347 పోస్టులతో వచ్చిన మెగా డీఎస్సీ రాసి, ఉపాధ్యాయుడై వెళ్లిపోయాడు. ఒక ఉపాధ్యాయుడిగా నాకు సంతోషమే. కానీ ఆరు అంచెల తనిఖీలో తప్పు ఎక్కడ దొర్లుతుందో ఆరేళ్లుగా నేర్చుకున్న అనుభవం అతనితోనే వెళ్లిపోయింది. మీటరు తప్పుగా జతపడిన మరొక వితంతువు వస్తే కొత్తవారు మళ్లీ మొదటి నుంచి నేర్చుకోవాలి.

2025లో జనాభాను బట్టి సచివాలయాలను మూడు తరగతులు చేసి, ఒక్కోదానికి ఆరుగురు, ఏడుగురు, ఎనిమిదిమంది చొప్పున సిబ్బందిని నిర్ణయించారు, బహుళ పనులు చేసేవారు కొందరు, సాంకేతిక పనులు చేసేవారు కొందరు అని విభజించారు. అదే ఏడాది జనవరి 30న మొదలైన మన మిత్ర వాట్సాప్ సేవలతో మామూలు ధ్రువపత్రాల పని ఫోన్లలోకి మారడం మొదలైంది. ఈ రెండింటినీ నేను స్వాగతిస్తున్నాను, ఒక షరతుతో. ఫోను చేయగలిగిన పని ఫోనుకు వదిలితే మిగిలిన సమయం ఈ పిల్లల బుర్రకు పని చెప్పడానికి వాడాలి. ఊరి కాలువల వాటం ఇంజనీరింగు అసిస్టెంటును అంచనా వేయనివ్వండి. తిరస్కరణకు గురైన దరఖాస్తులను తిరిగి పరిశీలించి, కారణం తప్పైతే సిఫారసు చేసే అధికారం సంక్షేమ సహాయకుడికి ఇవ్వండి. డిజిటల్ అసిస్టెంట్లు తమంతట తాము కనిపెట్టిన పద్ధతులను మండల స్థాయిలో ఒకరి నుంచి ఒకరు నేర్చుకునేందుకు నెలకు ఒక పూట కేటాయించండి. ఖాళీ దొరికింది కదా అని మరో సర్వే ఇస్తే మాత్రం ఉన్న ఆ నాలుగు మార్కులు కూడా నిలవవు.

సేవ కోసం వెళ్లేవారికి ఒక మాట. నెల మొదటి రెండు రోజులు వెళ్లకండి, సిబ్బంది పింఛన్ల పనిలో ఊరిలో తిరుగుతుంటారు. ఆధార్‌కు జత చేసిన ఫోను వెంట తీసుకువెళ్లండి, ఓటీపీ లేక సగం పనులు ఆగిపోతాయి. దరఖాస్తు తిరస్కరణకు గురైతే కాగితం మడిచి ఇంటికి రాకండి, కారణం ఏమిటో, అది ఏ అంచెలో వచ్చిందో అడగండి. అడిగితే వెదికి చెప్పగల చదువు ఆ కుర్చీలో ఉంది.

2025 వేసవి బదిలీలలో మా డిజిటల్ అసిస్టెంటు వేరే మండలానికి వెళ్లిపోయింది. ఆమె స్థానంలో ఎంసీఏ చదివిన ఒక అబ్బాయి వచ్చాడు. రూళ్ల పుస్తకం ఇక అటకెక్కుతుందనే అనుకున్నాను. పోయిన నెల మనవడి స్కాలర్‌షిప్ కోసం ఆదాయ ధ్రువపత్రం పెట్టి, నాలుగు రోజుల తరువాత వెళితే పుస్తకం కౌంటరు మీదే, జనం వైపే తిప్పి ఉంది. చేతి రాత మారింది. కుడివైపు కొత్తగా ఒక గడి గీసి, దానిలో ‘ఎప్పటికి వస్తుంది’ అన్న శీర్షిక కింద తేదీలు రాస్తున్నాడు. ఇది ఎవరు పెట్టమన్నారని అడిగితే, వచ్చినవాళ్లంతా ఎలాగూ అదే అడుగుతున్నారు కదండీ అన్నాడు. మా మనవడి వరుసలో ‘తహసీల్దారు గారి లాగిన్, సోమవారం’ అని ఉంది. సోమవారం సాయంత్రం నాలుగు గంటలకు ధ్రువపత్రం చేతికి వచ్చింది.